రెండు రూపాయలకే యాడ్లు తీసేస్తామనే లూడో యాప్‌తో జాగ్రత్త

ఇంట్లో పెద్దవాళ్లు ఫోన్‌లో లూడో ఆడుతుంటే ఇది చదివాక ఒకసారి వాళ్ల బ్యాంకు మెసేజీలు తిరగేయండి. మా నాన్న ఖాతా నుంచి ఒక లూడో యాప్ నెలనెలా 299 రూపాయలు లాగుతోంది. ఆ యాప్ ఆయన ఫోన్‌లో లేదు. ఎప్పుడో తీసేశారు. తీసేశాక కూడా డబ్బు పోతూనే ఉంది.

యాప్ పేరు రాయడం లేదు. ఇవాళ ఒక పేరుతో ఉన్నది రేపు ఇంకో పేరుతో వస్తుంది. ఎత్తు ఎలా వేస్తారో తెలిస్తే చాలు.

నాన్న, గుంటూరులో ఉండే బాబాయి, మా మేనత్త సాయంత్రం పూట రూమ్ కోడ్ పెట్టుకుని ఆడేవాళ్లు. అష్టాచెమ్మా ఆడి పెరిగినవాళ్లు కాబట్టి కాయ పండేదాకా లేవరు. ఆట మధ్యలో యాడ్ వస్తుంది, అది అయ్యాక తెర నిండా ఒక ఆఫర్. 'యాడ్లు లేకుండా ఆడండి, రోజూ బంగారు పాచిక ఉచితం' అని పైన. మధ్యలో ఇంత లావు ఆకుపచ్చ బటన్ మీద '2 రూపాయలతో మొదలుపెట్టండి' అని. దాని కింద, మందుల స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ తేదీ అంత అక్షరాల్లో, తెలుపు మీద లేత బూడిద రంగులో, 'ఏడు రోజుల తర్వాత నెలకు 299, రద్దు చేసేవరకు' అని ఉంటుంది. మూసేసే ఇంటూ గుర్తు వెంటనే రాదు. కాసేపాగి మూలన ఎక్కడో తేలుతుంది. ఈలోపు అవతల అత్తయ్య పాచిక వేసి కూర్చుని ఉంటుంది, ఈయనకేమో తొందర.

బటన్ నొక్కితే నేరుగా యూపీఐ పిన్ అడుగుతుంది. రెండు రూపాయలే కదా అని ఎవరైనా కొట్టేస్తారు. కానీ ఆ పిన్ రెండు రూపాయలకు కాదు, ఆటోపేకి, అంటే నెలనెలా ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకోనిచ్చే అనుమతికి. అదే తెర మీద ఆ అనుమతికి పేరైన 'మాండేట్' అనే మాట, ఎంతవరకు తీసుకోవచ్చో ఆ మొత్తం ఇంగ్లీషులో ఉంటాయి. ఒకసారి ఒప్పుకున్నాక 15,000 రూపాయల లోపు కోతలకు మళ్లీ పిన్ అడగక్కర్లేదు, రిజర్వు బ్యాంకు నిబంధనే అది. కోతకు కనీసం 24 గంటల ముందు కబురు చేయాలని కూడా అదే నిబంధన చెబుతుంది. కబురు వచ్చింది కూడా. మేము ఎప్పుడూ వినని ఏదో కంపెనీ పేరుతో, ఇంగ్లీషులో, లూడో అన్న ముక్క ఎక్కడా లేకుండా. రోజుకు అన్ని మెసేజీలు వస్తుంటే డెబ్బై దగ్గర పడిన మనిషి దాన్ని పట్టుకోవాలంటే ఎలా?

ఆ బంగారు పాచిక సంగతి కూడా చెప్పాలి. నాలుగు కాయలూ ఇంట్లోనే ఉండిపోయి ఆరు పడక విసుగొచ్చిన సమయానికే ఆ ఆఫర్ ఎక్కువగా ఊడిపడుతుందని నాన్న అంటారు. మామూలు పాచికనే వరసగా పదిసార్లు వేసినా ఒక్క ఆరూ పడకపోయే అవకాశం నూటికి దాదాపు 16. అంటే ఆడేవాళ్లందరికీ తరచూ ఎదురయ్యేదే, దానికి మోసమే జరగక్కర్లేదు. ఆ విసుగునే వీళ్లు అమ్ముకుంటున్నారు. బంగారు పాచికతో ఆరు నిజంగానే ఎక్కువ పడితే అది అవతల ఆడేవాళ్లకు అన్యాయం, పడకపోతే కొన్నవాళ్లకు టోపీ. ఎటు చూసినా కొనదగ్గ వస్తువు కాదు.

ఇప్పుడు అసలు పని. యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చందా ఆగదు. ముందు ప్లే స్టోర్‌లో మీ ఫొటో మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి చూడండి. అక్కడ కనిపిస్తే రద్దు చేయడం తేలిక. కొన్న 48 గంటల్లోపైతే వాపసు కూడా అక్కడే అడగొచ్చు, దాటితే యాప్ తయారీదారునే అడగాలి. మా నాన్న విషయంలో అక్కడ ఏమీ కనపడలేదు. ఎందుకంటే ఈ యాప్ డబ్బు ప్లే స్టోర్ ద్వారా తీసుకోలేదు, నేరుగా యూపీఐ మాండేట్ పెట్టించుకుంది. అలాంటివి డబ్బు పంపే యాప్‌లోనే, ప్రొఫైల్ కింద ఆటోపే లేదా మాండేట్స్ అన్న చోట దొరుకుతాయి. పేరు చూసి గుర్తుపట్టలేరు, మొత్తాన్ని, తేదీని పట్టి వెతకండి. 'పాజ్' అని ఒకటి, 'రివోక్' అని ఇంకొకటి ఉంటాయి. పాజ్ అంటే కాసేపు ఆపడమే, పూర్తిగా ఆగాలంటే రివోక్ నొక్కాలి. ఫోన్‌లో రెండు మూడు యూపీఐ యాప్‌లుంటే అన్నిటిలోనూ చూడండి.

కస్టమర్ కేర్‌కి మెయిల్ పెడితే 'మీరే అంగీకరించారు' అని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. ఆ జవాబు చూసి వదిలేయకండి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లలో, వెబ్‌సైట్లలో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే తీరు) మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాల ఎత్తుగడలను తప్పుపట్టింది. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్, అంటే చందా ఉచ్చు, అందులో ఒకటి. ఉచితం పేరు చెప్పి ఆటో డెబిట్‌కు ఒప్పించడం, రద్దు చేసే దారి దాచేయడం దాని కిందకే వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు. ఆఫర్ తెర, మాండేట్ వివరాలు, బ్యాంకు మెసేజీలు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. మేము ఫిర్యాదు పెట్టాం. డబ్బు ఇంకా రాలేదు.

డబ్బు పెట్టి ఆడే లూడో వేరే గొడవ. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు ఆటల మీద చట్టం చేసింది. అయినా వాట్సాప్‌లో 'లూడో ఆడి సంపాదించండి' అంటూ ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే యాప్‌లు) తిరుగుతూనే ఉన్నాయి. అవి దించుకుంటే పోయేది నెలకు 299తో ఆగదు. అలా ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో నలుగురూ ఒకే ఫోన్ మీద ఆడేటట్టయితే మాత్రం యాప్ తెరిచే ముందు నెట్ ఆపేయండి. చాలా లూడో యాప్‌లు నెట్ లేకుండా నడుస్తాయి. యాడ్లూ రావు, ఆ ఆకుపచ్చ బటనూ రాదు.