యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఇంజిన్ రీబిల్డ్ చేయించేవాళ్లకు హెచ్చరిక: క్రాంక్ కూర్చునే గూడు చూడకుండా డబ్బు కట్టకండి

"క్రాంక్ కిట్ కొత్తది, మెయిన్ బేరింగులు కొత్తవి, సీళ్లు కొత్తవి, పదేళ్ల దాకా ఇంజిన్ విప్పక్కర్లేదన్నా" అని చెప్పి ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్లు చేతిలో పెడుతున్నారు. క్రాంక్ అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటే దాన్ని చుట్టు తిరుగుడుగా మార్చే ఇరుసు; దానికి వేసే కొత్త పిన్ను, రాడ్డు క్రాంక్ కిట్‌లో వస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగేసరికి ఫుట్‌రెస్టుల్లో జివ్వుమని వణుకు మొదలవుతుంది. స్పీడు అరవై దాటితే హ్యాండిల్ పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కుతాయి. తిరిగి తీసుకెళ్లి చూపిస్తే "సింగిల్ సిలిండర్ కదా, ఆ మాత్రం ఉంటుంది" అంటారు. గట్టిగా అడిగితే ఇంకో క్రాంక్ కిట్‌కు లెక్క చెబుతారు. ఆ రెండో కిట్ డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి. ఇలాంటి ఇంజిన్ విప్పితే తరచూ బయటపడేది ఒకటే: బేరింగ్ కూర్చోవాల్సిన గూడు ఎప్పుడో లూజైపోయింది, దాన్ని పంచ్ దెబ్బలతో కప్పెట్టారు.

ఈ బండి మన దగ్గర 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. అంటే ఇప్పుడు చేతులు మారుతున్న ప్రతి ఇంజిన్ కేస్, మెకానిక్కుల మాటలో ఛాంబర్, ఒకటికి నాలుగుసార్లు విప్పి బిగించిందే. క్రాంక్ కిట్ మార్కెట్లో దొరుకుతుంది. బేరింగ్ దొరుకుతుంది. ముప్పై ఏళ్లుగా సుత్తి దెబ్బలు తిన్న అల్యూమినియం ఛాంబర్‌కు మాత్రం కొత్తది సులువుగా దొరకదు. అందుకే అందరూ దాని సంగతి ఎత్తకుండా దాటేస్తారు.

గూడు ఎందుకంత ముఖ్యమో చూడండి. క్రాంక్‌కు రెండు వైపులా ఒక్కో బాల్ బేరింగ్ ఉంటుంది, ఆ రెండూ ఛాంబర్ రెండు సగాల్లో ఉంటాయి. బేరింగ్ ఉక్కు, ఛాంబర్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 6304 నంబరు బేరింగ్ గానీ 6205 గానీ తీసుకోండి, రెండిటి బయటి వ్యాసమూ 52 మి.మీ. ఛాంబర్ 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే, ఆ 52 మి.మీ. గూడు బేరింగ్ కంటే సుమారు 0.045 మి.మీ. ఎక్కువ సాగుతుంది. కాబట్టి చల్లగా ఉన్నప్పుడు గూడు బేరింగ్ కంటే కనీసం 0.02, 0.03 మి.మీ. చిన్నదిగా ఉండాలి, బిగుతుగా పట్టుకోవాలి. చల్లగా ఉన్నప్పుడే చేత్తో నొక్కితే దిగిపోయే గూడు, ఇంజిన్ వేడెక్కాక బేరింగ్‌ను అసలు పట్టుకోదు. బేరింగ్ బయటి రింగు గూట్లో తిరగడం మొదలెడుతుంది, గూడు ఇంకా అరుగుతుంది, క్రాంక్ ఎగిరెగిరి పడుతుంది. కొత్త బండిలో ఉన్న వణుకు వేరు, ఈ వణుకు వేరు.

పంచ్ కొట్టడం అంటే గూటి లోపలి గోడ మీద సెంటర్ పంచ్‌తో చుట్టూ పది పదిహేను గుంటలు వేయడం. గుంట పక్కన లోహం కొద్దిగా లేస్తుంది. ఆ లేచిన మొనల మీద బేరింగ్ బిగుతుగా కూర్చున్నట్లు కనిపిస్తుంది, సుత్తితో కొడితేనే దిగుతుంది. చూసేవాడికి "టైటుగా ఉంది కదా" అనిపిస్తుంది. నిజానికి బేరింగ్ పూర్తి గోడకు బదులు ఆ పది మొనల మీద ఆనుతోంది. మెత్తటి అల్యూమినియం మొనలు కొద్ది రోజుల్లోనే అణిగిపోతాయి. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. గుంటలు ఒకవైపు లోతుగా, ఇంకోవైపు తేలిగ్గా పడతాయి గనుక బేరింగ్ నడిమధ్యలో కూర్చోదు. ఎడమ బేరింగ్ కేంద్రం, కుడి బేరింగ్ కేంద్రం ఒకే గీత మీద లేకపోతే, ఎంత నిటారుగా సరిచేసిన క్రాంక్ వేసినా ప్రతి చుట్టులో వంగుతూనే తిరుగుతుంది.

టూస్ట్రోక్‌లో కథ వణుకుతో ఆగదు. క్రాంక్ షాఫ్ట్ ఊగితే ఆయిల్ సీలు పెదవి దెబ్బతింటుంది. ఎడమ వైపు, అంటే మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే అయస్కాంత చక్రం) వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి లాగి మిక్చర్, అంటే పెట్రోలు, గాలి మిశ్రమం, పలచబడుతుంది. ఐడిలింగ్ నిలకడగా ఉండదు, పిస్టన్ వేడెక్కి ఓ రోజు పట్టేస్తుంది. కుడి వైపు, క్లచ్ పక్క సీలు పోతే గేర్ ఆయిల్ కాలి తెల్లటి పొగ వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతూ ఉంటుంది. ఇంజిన్ పట్టేసినప్పుడు "మీరు టూటీ ఆయిల్ (పెట్రోలుతో కలిసి కాలే టూస్ట్రోక్ నూనె) సరిగ్గా పోయలేదు" అని తప్పు మీ మీదికే తోస్తారు. ఆ మాట ఒప్పుకునే ముందు మ్యాగ్నెట్ వైపు సీలు విప్పించి చూడండి.

కాబట్టి ఛాంబర్ విప్పిన రోజే, బేరింగులు ఎక్కించకముందే, మీరు షాపులో ఉండండి. పాత బేరింగ్ తీశాక గూడు గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. గోడ మీద గుంటలుంటే అది పంచ్ కొట్టిన ఛాంబర్. చుట్టూ అద్దంలా మెరిసే పట్టీ ఉంటే బేరింగ్ అందులో తిరిగింది. ఆ తర్వాత కొత్త బేరింగ్‌ను చల్లటి గూట్లో పెట్టి వేళ్లతో నొక్కమనండి. దిగితే ఆ ఛాంబర్‌కు లేత్ పని కావాలి, వాదన అక్కర్లేదు. మంచి గూట్లోకి బేరింగ్ ఎక్కించే తీరు కూడా తెలుసుకోండి. ఛాంబర్‌ను సమంగా 100 డిగ్రీల దాకా వేడిచేస్తారు, బేరింగ్‌ను ఫ్రీజర్‌లో ఉంచుతారు. అప్పుడు అది దానంతట అదే జారి కూర్చుంటుంది. గ్యాస్ మంటను ఒకేచోట పెట్టి కాల్చితే ఛాంబర్ మెలిపడుతుంది. సుత్తితో లోపలి రింగు మీద కొట్టి దించితే కొత్త బేరింగ్ బంతులు దారిలో గుంటలు వేస్తాయి, మొదటి రోజే గరగర మొదలు.

లూజైన గూటికి సరైన వైద్యం స్లీవ్. గూటిని పెద్దది చేసి, రింగు వేసి, మళ్లీ అసలు సైజుకు బోర్ చేస్తారు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఒక్కో సగాన్ని విడిగా లేత్‌కు కట్టి బోర్ చేస్తే రెండు కేంద్రాలు కలవడం అదృష్టం మీద ఆధారపడుతుంది. రెండు సగాలనూ వాటిని కదలకుండా సరిగ్గా ఎదురెదురుగా నిలిపే డోవెల్ పిన్నులతో కలిపి, బోల్టులు బిగించి, ఒకే అమరికలో రెండు గూళ్లూ బోర్ చేయాలి. ఆటోనగర్లున్న ఊళ్లలో పెద్ద ఇంజిన్లకు ఇలా గూళ్లన్నీ ఒకే గీత మీద బోర్ చేసే (లైన్ బోరింగ్) వాళ్లుంటారు, వాళ్లకు ఈ పని కొత్తేమీ కాదు. డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయా అని కూడా చూసుకోండి. చిన్న గొట్టం ముక్కలే, విప్పినప్పుడు పోతాయి, పోయినా బోల్టులు బిగుస్తాయి గనుక ఎవరూ పట్టించుకోరు.

లాక్‌టైట్ 641, 648 లాంటి జిగురు వేస్తామంటే పూర్తిగా కాదనక్కర్లేదు. అతి స్వల్పమైన లూజుకు, నూనె జిడ్డు లేకుండా కడిగి ఆరబెట్టాక, అది పనిచేస్తుంది. పంచ్ గుంటల మీద పూస్తే మాత్రం దండగ. బేరింగ్‌ను నడిమధ్యకు తెచ్చే శక్తి జిగురుకు లేదు.

"ఈ ఛాంబర్ పోయింది, ఇంకోటి వేస్తా" అంటే రెండు సగాలూ ఒకే ఇంజిన్‌వా అని అడగండి. ఫ్యాక్టరీలో రెండూ జంటగా బోర్ అవుతాయి. ఎడమది ఒక బండిది, కుడిది ఇంకో బండిది కలిపితే, ఇంతదాకా చెప్పుకున్న రోగమే డబ్బిచ్చి కొని తెచ్చుకున్నట్లు. పైగా ఇంజిన్ నంబరు ఛాంబర్ మీదే ఉంటుంది, అది ఆర్సీతో కలవాలి. నంబరు "కొట్టించి ఇస్తాం" అన్న షాపు నుంచి అప్పుడే బయటికి వచ్చేయండి, అది కేసు అయ్యే పని.

బేరింగుల విషయంలో డబ్బా మీది పేరు ఒక్కటే చూడకండి, నంబరు తర్వాత వచ్చే అక్షరాలు చూడండి. క్రాంక్‌కు సాధారణంగా సి3, అంటే బంతులకూ రింగులకూ మధ్య సందు కాస్త ఎక్కువున్న రకం, కావాలి. 20, 25 మి.మీ. లోవ్యాసమున్న మామూలు బాల్ బేరింగ్‌లో లోపలి సందు 5 నుంచి 20 మైక్రాన్లు, సి3లో 13 నుంచి 28. బిగుతుగా ఎక్కించినప్పుడు ఆ సందులో కొంత తరిగిపోతుంది. మామూలుది వేస్తే చల్లగా ఉన్నప్పుడే పట్టినట్లు తిరుగుతుంది. మోటారు పంపులకు వాడే బేరింగ్ చవగ్గా దొరుకుతుంది, సైజు సరిపోతుంది, అదే వేసేస్తారు. 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నది. టూస్ట్రోక్ క్రాంక్‌లో బేరింగ్‌కు నూనె అందేది లోపల తిరిగే మిక్చర్ నుంచే, మూత దాన్ని ఆపేస్తుంది. నకిలీలు కూడా తక్కువేం కాదు. ఎస్‌కేఎఫ్ వాళ్లకైతే అసలా నకిలీనా తేల్చుకునేందుకు ఎస్‌కేఎఫ్ అథెంటికేట్ అనే ఫోన్ యాప్ ఉంది, డబ్బా, బేరింగ్ ఫొటోలు పంపి అడగొచ్చు.

ఇక క్రాంక్ సంగతి. పిన్ను, రాడ్డు మార్చాక రెండు వెబ్బులనూ, అంటే క్రాంక్‌లోని రెండు బరువైన చక్రాలనూ, ప్రెస్‌లో కలుపుతారు, అది ఎప్పుడూ నిటారుగా రాదు, సరిచేయాలి. బేరింగ్ కూర్చునే చోట వి-బ్లాకుల మీద పెట్టి, షాఫ్ట్ రెండు చివర్ల దగ్గరా డయల్ గేజ్ ఆనించి పూర్తి చుట్టు తిప్పాలి. యమహా చిన్న టూస్ట్రోక్‌లకు 0.03 మి.మీ. లోపు రావాలి. 0.01 మి.మీ. వరకు కొలిచే గేజ్ లేని షాపు క్రాంక్ సరిచేశానంటే అది కంటి అంచనా. లేత్ సెంటర్ల మధ్య పెట్టి చూపిస్తే షాఫ్ట్ చివర సెంటర్ గుంటలు దెబ్బతినలేదు కదా అని చూడండి, అవి చెడితే రీడింగే తప్పు. షాపు దూరమైతే వీడియో అడగండి: గేజ్ ముల్లూ తిరిగే క్రాంకూ ఒకే ఫ్రేములో, ఆపకుండా ఒక పూర్తి చుట్టు, రెండు వైపులా.

పిన్ను చివర్ల మీద వెల్డింగ్ చుక్కలు కనిపిస్తే ఎందుకో అడగండి. రేసు ఇంజిన్లలో అన్నీ సరిచేశాక జాగ్రత్త కోసం వేస్తారు. మన బజారులో ఎక్కువగా వెబ్ రంధ్రం లూజై పిన్ను నిలబడనప్పుడు వేస్తారు. అలాంటి వెబ్బుకు మళ్లీ కిట్ వేయడం కష్టం, చాలాసార్లు తుక్కే. సరిచేసిన క్రాంక్‌ను ఛాంబర్లోకి సుత్తితో కొట్టి దించితే వెబ్బులు మెలిపడి 0.03 కాస్తా ఎక్కడికో పోతుంది. స్క్రూ పుల్లర్‌తో లాగించాలి, లేదా బేరింగ్ లోపలి రింగు వేడిచేసి జార్చాలి. ఛాంబర్ బిగించాక క్రాంక్ కాస్త పట్టినట్లుంటే ప్లాస్టిక్ సుత్తితో షాఫ్ట్ చివర మెల్లగా ఒక తట్టు తట్టడం మాత్రం తప్పు కాదు, పక్క ఒత్తిడి వదులుతుంది.

గూడూ క్రాంకూ రెండూ బాగున్నా వణికే బండ్లున్నాయి. అక్కడ పిస్టన్ బరువు చూడాలి. ఆర్‌ఎక్స్ 100కు బోర్ (సిలిండర్ వ్యాసం) 50, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ. ఆర్‌ఎక్స్ 135కు బోర్ 58, స్ట్రోక్ అదే 50. అందుకే 100 ఇంజిన్‌కు 135 బ్లాక్ (సిలిండర్) సర్ది అమ్ముతుంటారు. ఈ ఇంజిన్లో బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు, వెబ్బుల బరువు ఒక్కటే పిస్టన్‌ను కొంత మేరకు సరితూచుతుంది. 7500 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్‌కు కేవలం 10 గ్రాములు పెరిగినా పై చివర అది 15 కిలోలకు పైగా బలంతో లాగుతుంది. ఆ లాగుడంతా ఈ రెండు గూళ్ల మీదే పడుతుంది. కిరాణా కొట్టు డిజిటల్ తక్కెడ చాలు: పాత పిస్టన్, రింగులు, పిస్టన్‌ను రాడ్డుకు కలిపే గడ్జన్ పిన్ కలిపి తూచి, కొత్తవీ అలాగే తూచండి.

విప్పకుండా బండి కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని. ముందు ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, వాటి రంధ్రాలు చూడండి. అవి లూజైతే ఇదే వణుకు వస్తుంది, ఖర్చు మాత్రం చాలా తక్కువ. తర్వాత ఎడమ కవరు తీయించి మ్యాగ్నెట్‌ను రెండు చేతులతో పట్టి కిందికీ పైకీ ఊపండి. ఏ మాత్రం ఆట తెలిసినా మెయిన్ బేరింగో గూడో పోయింది. లోపల కాయిల్ మీద మ్యాగ్నెట్ రాసుకున్న గీతలు ఉంటే అదే సాక్ష్యం. ప్లగ్ విప్పి మ్యాగ్నెట్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. చుట్టుకొకసారి ఒకేచోట బిగుసుకుని వదులుతుంటే క్రాంక్ నిటారుగా లేదు, లేదా గూళ్లు ఒక గీత మీద లేవు. ఇంజిన్ వేడెక్కాకే అడుగు నుంచి గరగర వస్తే గూడు లూజు. చల్లగా ఉన్నప్పుడు మాయమయ్యే చప్పుడు ఇది, అందుకే పొద్దున్నే చూపించే బండిని కనీసం పదిహేను కిలోమీటర్లు నడిపి, దిగి, మళ్లీ మ్యాగ్నెట్ ఊపి చూడండి.

రీబిల్డ్‌కు ఇచ్చేటప్పుడు బిల్లు మీద ఈ నాలుగు రాయించుకోండి: గూడు పంచ్ కొట్టకూడదు, బేరింగ్ నంబరు సి3తో సహా, క్రాంక్ రీడింగ్ ఎంత వచ్చిందో రెండు వైపులా, పాత సామాన్లు తిరిగి ఇవ్వాలి. రాయడానికి మొదటి దాని దగ్గరే నసిగితే, ఛాంబర్ సంచిలో వేసుకుని ఇంకో షాపుకు నడవండి.