జేజినాయన చాకు: బీరువాలోకా, వంటింట్లోకా?

బ్లేడు మొదట్లో, పిడిలోకి దిగేచోట, తుప్పు కింద అక్షరాలున్నాయి. కొబ్బరినూనె పూసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ‘సోలింగెన్, వెస్ట్ జర్మనీ’ అని తేలింది. అంటే వెస్ట్ జర్మనీ విడి దేశంగా ఉన్న కాలంది: 1949 తర్వాతది, 1990కి ముందుది. సోలింగెన్ కత్తుల ఊరు. ఆ పేరుకు 1938 నుంచే అక్కడ చట్టరక్షణ ఉంది. అయినా నకిలీ ముద్రలు కొట్టేవాళ్లకు కొదవలేదు కాబట్టి ముద్ర చూసి మురిసిపోకుండా మిగతావీ చూడాలి.

తెరిస్తే స్ప్రింగు ‘టక్’మంటోంది. బ్లేడు పక్కలకు ఊగడం లేదు, మూస్తే మధ్యలోనే కూర్చుంటోంది. పిడిలో పగులు లేదు. ఇంతకంటే ఏం కావాలి?

అనంతపురం పాతవూరులో సాన పట్టించాను. చక్రం మీద పొడిగా పట్టొద్దని ముందే చెప్పాను. అంచు వేడెక్కి నీలిరంగుకు తిరిగితే ఉక్కు పదును నిలవదు. సాన పట్టేాయన కాస్త విసుక్కున్నా, నీళ్లు చల్లుకుంటూ రాయి మీదే నూరిచ్చాడు. ఇప్పుడు కాగితాన్ని జంకు లేకుండా చీలుస్తోంది.

లోపమల్లా ఒకటే, ఇది స్టెయిన్‌లెస్ కాదు. చీనీకాయ కోసి తుడవకపోతే కాసేపటికే నల్లమచ్చ పడుతుంది. ఆ నలుపుతో టెన్షన్ లేదు, ఎర్రతుప్పు మాత్రం రానివ్వకూడదు. కడిగి, తుడిచి, కీలులో ఓ చుక్క నూనె వేస్తే చాలు. తెరిచిన బ్లేడును కదలకుండా పట్టే లాక్ లేదు గనుక పొడిచే పనులకు వద్దు, బ్లేడు వెనక్కి మడుచుకుని వేళ్లు తెగుతాయి. పండ్లకు, పురికొసకు మాత్రం హాయిగా వాడుతున్నాను. మా తమ్ముడు బీరువాలో పెట్టమంటాడు, వినను.