కిరణజన్య సంయోగక్రియ కిట్: గాజు సామాను బాగుంది, బుక్‌లెట్‌లో తప్పుంది

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్‌ని. పదో తరగతి పిల్లల కోసం ఈ కిట్‌ని సొంత డబ్బుతో ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1,150 రూపాయలైంది. నెల రోజులు వాడాక రాస్తున్నాను.

గాజు సామానుకి వంక పెట్టలేను. క్లాసంతా చేతులు మారినా బీకరు, గరాటు, పరీక్షనాళిక ఒక్కటీ పగల్లేదు. ఊరి చెరువులోంచి హైడ్రిల్లా అనే నీటిమొక్క తెచ్చి, బీకరు నీళ్ళలో గరాటు కింద పెట్టి, దాని కాడ మీద నీళ్ళు నింపిన పరీక్షనాళిక బోర్లించాం. గదిలో ఉన్నంతసేపు నిమిషానికి నాలుగైదు బుడగలే. వరండాలో ఎండకి జరిపాక ఇరవై దాటాయి. కిట్‌లో ఇచ్చిన వంటసోడా చిటికెడు కలిపితే ఇంకా పెరిగాయి, సోడా వల్ల మొక్కకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ అందుతుంది కదా. మొక్క తెగిన కాడ చివర నుంచి సన్నటి బుడగలు వరసకట్టి పైకి పోతుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి లెక్కపెట్టారు. వెలుతురులోనే మొక్కలు ఆక్సిజన్ వదులుతాయని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త చెప్పిన సంగతిని ఆ రోజు బోర్డు మీద రాయక్కర్లేకపోయింది.

శ్వాసక్రియకి థర్మాస్ ఫ్లాస్కు, థర్మామీటరు ఇచ్చారు. మొలకలొచ్చిన పెసలు పోసి మూత బిగించాం. సాయంత్రం 28 డిగ్రీలు, మర్నాడు ప్రార్థన అయ్యాక చూస్తే 34. "గింజలకి జ్వరమొచ్చిందా టీచర్?" అని ఒక పాప అడిగింది. గింజలో దాచుకున్న ఆహారం ఆక్సిజన్‌తో కలిసి విడిపోతుందని, వచ్చిన శక్తిలో కొంత మొలక వాడుకుంటుందని, మిగతాది ఇలా వేడిగా బయటపడుతుందని చెప్పాను. అయితే ఉడికించిన పెసలతో పోల్చి చూపించాలంటే రెండో ఫ్లాస్కు కావాలి. ఒక్కటే ఇచ్చారు. మా ఇంట్లో టీ ఫ్లాస్కు తీసుకెళ్ళాను.

నాకు బాధ కలిగించింది బుక్‌లెట్. "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ జరుపుతాయి" అని అచ్చేశారు. ఈ అపోహ పోగొట్టడానికే ఏటా రెండు పీరియడ్లు పోతాయి నాకు. మొక్క ప్రతి కణమూ రాత్రీ పగలూ శ్వాసిస్తూనే ఉంటుంది. మంచి ఎండలో ఆకు తయారుచేసే ఆక్సిజన్, అది వాడుకునే దానికంటే చాలా ఎక్కువ కాబట్టి మిగిలింది బయటికి వస్తుంది. వేళ్ళకి వెలుతురే అందదు, మరి అవి పగలు శ్వాసించడం మానేస్తాయా?

ఇంకో పొరపాటు ప్రమాదకరమైంది. పిండిపదార్థం పరీక్షకి ఆకుని స్పిరిట్‌లో మరిగించమని మాత్రమే రాశారు. స్పిరిట్‌ని నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. వేడినీళ్ళ గిన్నెలో ఉంచి వేడి చేయాలి, పక్కన పెద్దవాళ్ళుండాలి. ఇంట్లో పిల్లలకి కొనిచ్చేవాళ్ళు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

ఐదుకి మూడు స్టార్లిస్తున్నాను. తప్పున్న పేజీ ఫోటో తీసి అమ్మినవాళ్ళకి పంపించాను. బుక్‌లెట్ సరిచేసి, రెండో ఫ్లాస్కు చేరిస్తే ఇంకో రెండొందలు ఎక్కువైనా తొమ్మిదో తరగతికి కూడా కొంటాను.