సార్డిస్, ఎనిడ్, గ్రెనాడా: క్రాపీ ట్రోలింగ్‌కి ఏ జలాశయం, ఏ నెల, ఎక్కడ బస

మెంఫిస్ నుంచి ఐ-55 పట్టుకుని దక్షిణానికి వెళ్తే గంటా గంటన్నర ప్రయాణంలో సార్డిస్, ఎనిడ్, గ్రెనాడా జలాశయాలు వరసగా తగులుతాయి. ఉత్తర మిసిసిపీలోని ఈ నీళ్ళకు క్రాపీ అనే మంచినీటి చేపే పేరు తెచ్చింది. తెల్ల క్రాపీలో ప్రపంచ రికార్డు చేప, 5 పౌండ్ల 3 ఔన్సులది, 1957 జూలైలో ఎనిడ్ డ్యామ్ దగ్గరే దొరికింది. మెంఫిస్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళకు ఒక్క వారాంతంలో వెళ్ళొచ్చే దూరం. అయితే పేరు చూసి గది బుక్ చేసుకుంటే సగం యాత్ర ఒడ్డునే గడిచిపోతుంది. ముందు చూడాల్సినవి నీటిమట్టం, గాలి.

వరదలు ఆపడానికి అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగం కట్టిన జలాశయాలివి. సార్డిస్ 1940లో, ఎనిడ్ 1952లో, గ్రెనాడా 1954లో పూర్తయ్యాయి. చలికాలానికి నీళ్ళు వదిలేసి, వసంతంలో మళ్ళీ నింపుతారు. సముద్రమట్టం నుంచి లెక్కిస్తే గ్రెనాడా మట్టం చలికాలంలో 193 అడుగులు, ఎండాకాలంలో 215. ఎనిడ్‌కి అవే 230, 250. సార్డిస్‌కి 236, 260. అంటే ఇరవై నుంచి ఇరవై నాలుగు అడుగులు ఎక్కి దిగుతుంది నీరు. గ్రెనాడా నిండితే సుమారు 35 వేల ఎకరాలు, దించితే పది వేల లోపు. ఆ మట్టంలో పడవ దించే రాంపులు చాలావరకు బురదలో ఆగిపోతాయి, మునిగి ఉన్న మొద్దులు ప్రొపెల్లర్ ఎత్తుకు వచ్చేస్తాయి. ఆర్మీ ఇంజనీర్ల విక్స్‌బర్గ్ డిస్ట్రిక్ట్ కార్యాలయం మట్టాలను రోజూ ఇస్తుంది. బయల్దేరే ముందు అది చూసి, ఆ మట్టానికి ఏ రాంపు పనిచేస్తుందో ఎర అమ్మే దుకాణంలో అడగండి. నాలుగో జలాశయం ఆర్కబట్ల మెంఫిస్‌కి అన్నిటికన్నా దగ్గరే గానీ, 2023 మేలో డ్యామ్‌లో లోపం బయటపడి మట్టం బాగా తగ్గించారు. దాన్ని లెక్కలోకి తీసుకోకుండానే యాత్ర వేసుకోవడం మంచిది.

పడవను మెల్లగా నడుపుతూ ఎరలు లాగే నెమ్మది ట్రోలింగ్‌కి ఫిబ్రవరి చివర, మార్చి మా మొదటి ఎంపిక. గుడ్లు పెట్టడానికి ముందు చేపలు పాత నది కాలువల అంచున, వాగులు కలిసే చోట నిలిచి ఉంటాయి, పైన నీళ్ళు ఖాళీగా ఉంటాయి. నీరు 60 ఫారెన్‌హీట్ దాటి, మట్టం పెరిగి ఒడ్డు పొదలు మునిగాక చేపలు వాటిలోకి దూరతాయి. అక్కడ ఎనిమిది గాలం కర్రలతో వెళ్తే ప్రతి పొదా ఒక గాలం మింగుతుంది. ఆ రెండు మూడు వారాలు ఒక్క కర్రతో పట్టేవాళ్ళవే.

పద్ధతి ఇది. పడవ ముందుభాగంలో రెండు కుర్చీలు, కర్రలు నిలిపే రెండు హోల్డర్ బార్లు, పన్నెండు నుంచి పదహారు అడుగుల కర్రలు విసనకర్రలా విచ్చి ఉంటాయి. ఈ జలాశయాల్లో మనిషికి నాలుగు కర్రలు, కర్రకు రెండు గాలాలకు మించకూడదు. పన్నెండు అంగుళాలకు తక్కువ క్రాపీని వదిలేయాలి. రోజుకు ఎన్ని ఉంచుకోవచ్చన్నది మారుతుంటుంది కాబట్టి లైసెన్స్ కొనేటప్పుడే చూసుకోండి.

దారం 8 పౌండ్లది చాలు. పైన ఒక గాలం, దానికి రెండడుగుల కింద అర ఔన్సు గుడ్డు ఆకారపు సీసం, దానికి అడుగు కింద రెండో గాలం. సీసం రంధ్రంలోంచి దారాన్ని మూడు నాలుగు చుట్లు తిప్పితే ముడి అక్కర్లేకుండానే జారదు. ఎరగా వాడే చిన్న చేప మిన్నోని రెండు పెదాలూ కలిపి గుచ్చాలి. వేగం గంటకు 0.4 నుంచి 0.6 మైళ్ళు, ట్రోలింగ్ మోటారుతో ముందుకు నెట్టుకుంటూ పోవాలి. జీపీఎస్ అంకె ఒక్కటే నమ్మకండి, దారం వంపు చూడండి. దారం నీళ్ళలోకి నిటారుగా దిగాలి. వెనక్కి వాలిందంటే ఎర పైకి లేచిందన్నమాట, పది అడుగులు అనుకున్నది ఏడులో తిరుగుతుంటుంది. క్రాపీ కళ్ళు పైకి చూస్తాయి కాబట్టి, నీటి లోపలి చేపల్ని చూపే సోనార్‌లో చేప కనిపించే లోతుకు ఒకటి రెండు అడుగులు పైనే ఎర ఉండాలి.

కర్ర కొసల మీంచి చూపు తిప్పకూడదు. కొస మెల్లగా కిందికి లాగితే అందరికీ తెలుస్తుంది. తెలియనిది రెండో రకం: సీసం బరువుకు కొద్దిగా వంగి ఉన్న కొస ఉన్నట్టుండి నిటారవుతుంది, దారం వదులవుతుంది. చేప కింది నుంచి వచ్చి ఎర నోట పట్టి పైకి వెళ్తోందన్నమాట. అప్పుడే ఎత్తాలి, కుదపకుండా. క్రాపీ నోరు కాగితమంత పల్చన, గట్టిగా లాగితే చిరిగిపోతుంది. పొడుగు కాడ వల తప్పనిసరి. కొస వంగి అలాగే ఉండిపోయి, పడవ ముందుకు పోతుంటే అది మొద్దు. వెంటనే మోటారు ఆపి వెనక్కి రండి, లేకపోతే పక్క కర్రల దారాలన్నీ కలిసి చిక్కుపడతాయి.

మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు ఎరలు నెమ్మదించి దిగుతాయి, బయటి వైపువి వేగం పెరిగి లేస్తాయి. బయటి కర్రలకే చేపలు తగులుతుంటే వేగం కొంచెం పెంచాలి, లోపలివాటికైతే తగ్గించాలి. దీనికోసమే తిన్నగా కాకుండా పెద్ద వంపులుగా నడపాలి.

అన్నిటికన్నా ఎక్కువగా చెడగొట్టేది గాలి. వెనకనుంచి తోస్తే మోటారు ఆపినా పడవ గంటకు మైలు వేగం అందుకుంటుంది. గాలికి ఎదురుగా పడవ ముక్కు పెట్టి వెళ్ళండి. తప్పనిసరై గాలితో వెళ్ళాల్సివస్తే పడవ వేగాన్ని తగ్గించే గుడ్డ సంచి, డ్రిఫ్ట్ సాక్, వెనక వేలాడదీయండి. ఈ లెక్కన చూస్తే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఎనిడ్‌నే చెప్తాం. గ్రెనాడాలో సగానికన్నా చిన్నది, గాలి చాటు వాగులు దగ్గర దగ్గరగా ఉంటాయి. మూడు పౌండ్ల చేప కోసమే వెళ్ళేవాళ్ళకు గ్రెనాడా. గాలి తక్కువగా ఉన్న రోజు దొరకాలి. సార్డిస్‌ని జూలై, ఆగస్టులకు ఉంచుకోండి. అప్పుడు మిన్నోలు కాదు, లాగితే లోతుకు దిగే కృత్రిమ ఎరలు, అంటే క్రాంక్‌బెయిట్లు, వేగం 1.5 మైళ్ళ పైన, వదిలిన దారం పొడవు చూపే లైన్ కౌంటర్ రీళ్ళు లేకపోతే తగిలిన లోతు మళ్ళీ దొరకదు.

బసకు మూడు దారులు. పడవ సొంతమైతే ఆర్మీ ఇంజనీర్ల క్యాంప్‌గ్రౌండ్లే సుఖం: ఎనిడ్‌లో వాలెస్ క్రీక్, పర్సిమన్ హిల్, గ్రెనాడాలో నార్త్ అబట్‌మెంట్. నీరు, కరెంటు ఉంటాయి, రాత్రంతా బ్యాటరీలు చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఆ ఒక్క సౌకర్యం చాలు మోటెల్‌ని కాదనుకోవడానికి. బుకింగ్ రిక్రియేషన్ డాట్ గవ్‌లో. చిన్నపిల్లలతో వెళ్తే ఎనిడ్ ఒడ్డున జార్జ్ పి. కాసర్ స్టేట్ పార్క్ క్యాబిన్లు నయం, వంటకు వీలుంటుంది. గ్రెనాడా ఊళ్ళో ఐ-55 పక్కన మోటెళ్ళు ఉన్నాయి. అక్కడైతే కింది అంతస్తు గది, బయట కరెంటు ప్లగ్గు, ట్రైలర్ తిప్పే స్థలం ఉన్నాయో లేదో ఫోన్ చేసి అడగండి. మార్చిలో పోటీలు జరిగే వారాంతాల్లో ఇవన్నీ నిండిపోతాయి.

పడవ లేనివాళ్ళకు గైడే దిక్కు. ముందే అడగాల్సిన మాట ఒకటుంది: కర్రలు పరిచి ట్రోలింగ్ చేయిస్తారా, లేక ముందుకు చూసే సోనార్‌తో ఒక్కో చేపనే వెతికి పట్టిస్తారా? ఇప్పుడు చాలామంది రెండో దారిలో ఉన్నారు. అది నేర్పుగల ఒక్కడికి సరదా, నలుగురు కూర్చుంటే ముగ్గురు చూస్తూ ఉండాలి. కుటుంబంతో వెళ్తే ట్రోలింగే అడగండి. ఎర, కర్రలు, చేప కోసి ఇవ్వడం రుసుములో కలిసి ఉంటాయా అన్నదీ తేల్చుకోండి. లైసెన్స్ మాత్రం మీదే, మిసిసిపీ బయటినుంచి వచ్చేవాళ్ళలో పదహారేళ్ళు నిండిన ప్రతివారికీ.

సొంతంగా వెళ్తే అర రోజుకు ఎనిమిది, పది డజన్ల మిన్నోలు కొనండి. అవి చచ్చేది ఎక్కువగా వేడికే. కుళాయి నీళ్ళు పోయకండి, క్లోరిన్ చంపేస్తుంది; ఐసు నేరుగా వేయకుండా మూతపెట్టిన సీసాలో వేయండి.

పట్టిన చేపల్ని ఐసులో కప్పి, కూలర్ కింది బిరడా తీసి ఉంచండి, నీళ్ళలో నానితే ముక్క మెత్తబడుతుంది. క్రాపీ కండ పల్చన, పులుసులో విడిపోతుంది. ముళ్ళు తీసిన ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి, బియ్యప్పిండి అద్ది వేపుడు చేసుకోవడమే సరైన వంట.