పాత ల్యాప్‌టాప్, డెబియన్, వైఫై ప్రింటర్: రెండేళ్లు వాడాక

శ్రీకాకుళంలో మా ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. ప్రతి ఆదివారం పరీక్ష. ఇదివరకు శనివారం రాత్రి పెన్‌డ్రైవ్ పట్టుకుని ఏడు రోడ్ల జంక్షన్ వైపు జిరాక్స్ షాపుకి వెళ్లేదాన్ని. అది తప్పుతుందనే రెండేళ్ల కిందట వైఫై ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నాను. నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 2 జీబీయే. అందుకే విండోస్ బదులు డెబియన్ 12 అనే లినక్స్‌ని, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్‌తో నడుపుతున్నాను.

మొదటి రెండు రోజులు డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వెతకడంలోనే పోయాయి. కంపెనీ ప్యాకేజీ వేశాను, తీశాను, మళ్లీ వేశాను. అసలు దాని అవసరమే లేదు. 2010లో ఎయిర్‌ప్రింట్ (డ్రైవర్ లేకుండా ప్రింట్ తీసే ఆపిల్ పద్ధతి) వచ్చాక ఇలాంటి ప్రింటర్లు చాలావరకు తమకు పట్టే కాగితం సైజులు, రంగులు కంప్యూటర్‌కి తామే చెప్పుకుంటాయి. లినక్స్‌లో ప్రింటింగ్ చూసే కప్స్‌కి ఆ మాట అర్థమవుతుంది. నేను తక్కువ ప్యాకేజీలతో ఇన్‌స్టాల్ చేసుకున్నాను కాబట్టి కప్స్ లేదు, నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని కనిపెట్టే అవహి కూడా లేదు. రెండూ వేసి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:631 అనే కప్స్ సెట్టింగ్స్ పేజీ తెరిస్తే ప్రింటర్ పేరు అక్కడే ఉంది! కొనేటప్పుడు డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని ఉందో లేదో చూసుకోండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ప్రింటర్‌ని వైఫైకి కలపడానికి ఫోన్ యాప్ కూడా వాడలేదు. రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్ (పాస్‌వర్డ్ కొట్టకుండా వైఫైకి కలిపేది) నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీది బటన్ నొక్కితే కలిసిపోయింది. నా ప్రింటర్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది, 5 పట్టదు.

అసలు ఇబ్బంది కరెంటుతో వచ్చింది. ఒక శనివారం రాత్రి గాలివానకి కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది కానీ ప్రింట్ ఇస్తే ప్రింటర్ దొరకడం లేదంటోంది. పొద్దున్నే పిల్లలొస్తారు, చేతిలో ఒక్క పేపరూ లేదు. చాలా కంగారు పడ్డాను. ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ ఐపీ అడ్రసుని (నెట్‌వర్క్‌లో దాని నంబరు) నేనే చేత్తో కొట్టి పెట్టుకున్నాను. కరెంటు వచ్చాక రౌటర్ దానికి వేరే అడ్రసు ఇచ్చేసింది. ల్యాప్‌టాప్ మాత్రం పాత అడ్రసుకే పంపుతోంది. రౌటర్ సెట్టింగ్స్‌లో ప్రింటర్ మ్యాక్ అడ్రసు (ప్రింటర్‌కి తయారీలోనే వచ్చే సొంత నంబరు) వేసి, ఎప్పుడూ 192.168.1.50 ఇచ్చేలా రిజర్వ్ చేశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు కరెంటు పోయినా ప్రింటర్ మళ్లీ తప్పిపోలేదు. ఈ పని మొదటి రోజే చేసుకోవాల్సింది.

తెలుగు మీడియం పేపర్లు మొదట్లో డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. లోహిత్ తెలుగు ఫాంటు వేశాక వత్తులతో సహా చక్కగా వస్తున్నాయి. సేన్-ఎయిర్‌స్కాన్ అనే ప్యాకేజీ వేస్తే స్కానర్ కూడా వైఫై మీదే పనిచేస్తోంది.

నచ్చనివి కూడా ఉన్నాయి. చాలాసేపు వాడకపోతే మొదటి పేజీకి అర నిమిషం పడుతుంది. దసరా సెలవుల్లో రెండు వారాలు ముట్టుకోకపోతే నల్ల రంగు గీతలు గీతలుగా వచ్చింది. రెండుసార్లు హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే భాగాన్ని శుభ్రం చేయడం) చేయాల్సి వచ్చింది, దానికి ఇంకు బాగానే అయింది. ఇప్పుడు వారానికో రంగు పేజీ తీస్తున్నాను. వానాకాలంలో మన గాలి తేమకి కాగితాలు అంటుకుని రెండేసి లాగేస్తుంది. ట్రేలో కావాల్సినన్నే పెట్టి, మిగతా కట్ట మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఉంచుతున్నాను.