మన్రో దొర దారిలో గుత్తి, పత్తికొండ (లాడ్జి బిల్లుతో సహా)

గుత్తి కోట తప్పక చూడండి. రాత్రికి మాత్రం అక్కడ ఉండొద్దు, అనంతపురంలో గది తీసుకుని పొద్దున్నే బస్సెక్కండి.

మేం దిగిన లాడ్జిలో గది 900 అన్నారు. ఖాళీ చేసేటప్పుడు బిల్లు 1,370! అదనపు పరుపుకి 250, వేడినీళ్లకి 120, జనరేటర్‌కి 100 అట. పరుపు మేం అడగలేదు. మంచం ఊగుతోందని మా బావ అంటే కుర్రాడు ఒకటి తెచ్చి నేలమీద పడేసిపోయాడు. వేడినీళ్లు ఒక్క బకెట్, అదీ గోరువెచ్చగా. కరెంటు పోయిన గంటసేపూ జనరేటర్ చప్పుడే వినలేదు. రసీదు ఇమ్మంటే ప్రింటర్ పాడైందన్నాడు. పోనీ తెల్లకాగితం మీద రాసివ్వమంటే నవ్వాడు. అరిచి అరిచి 1,300కి తెగ్గొట్టాం. బావ మూడ్ మధ్యాహ్నం దాకా బాగుపడలేదు.

మేం పోయింది థామస్ మన్రో కోసం. ఏ పొలానికి ఎంత శిస్తో లెక్కగట్టి, జమీందారుతో పని లేకుండా రైతు చేతికే పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతిని ఈ సీమలో నిలబెట్టింది ఆయనే. అలాంటి చోట రసీదు లేదంటే ఒళ్లు మండదా?

గ్లాస్గోలో 1761లో పుట్టి, 1780లో ఈస్టిండియా కంపెనీ పటాలంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. హైదర్‌తో, టిప్పుతో యుద్ధాలు చేశాడు. నిజాం కంపెనీకి వదులుకున్న ఈ సీమకి, అంటే దత్తమండలాలకి, 1800లో ప్రిన్సిపల్ కలెక్టర్ అయ్యాడు. పాళెగాళ్లని అణిచింది కూడా ఈయనే. "మరి మంచోడెట్లయితాడు?" అన్నాడు బావ. అడగాల్సిన మాటే. కానీ శిస్తు నాలుగోవంతు తగ్గించాలని 1807లో పైవాళ్లకి రాసిందీ ఆయనే. వాళ్లు వినలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరై వచ్చాక ఆ తగ్గింపు అమల్లోకి తెచ్చాడు. సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

కొండ కింద దొరల శ్మశానంలో ఆయన్ని పాతిపెట్టిన చోటుంది. అస్థికల్ని 1831లో మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తీసుకుపోయారు. సంగతి తెలిసి "ఖాళీ సమాధికా ఇంత దూరం!" అని బావ మళ్లీ మొదలెట్టాడు. కోట ఎక్కాక నోరు మూశాడు. మెట్ల దారిలో నీడ లేదు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. పైన కొండ అంచున, ఒకప్పుడు ఈ కోటనేలిన మరాఠా సర్దారు మురారిరావు కూర్చునే మండపం ఉంది. అక్కడి గాలికి లాడ్జివాణ్ణి కూడా క్షమించొచ్చు. సగం.

పత్తికొండలో చూడ్డానికి పెద్దగా లేదు. సీమకి వీడ్కోలు చెప్పడానికని తిరుగుతూ 1827 జూలై 6న మన్రో కలరాతో పోయింది ఈ ఊళ్లోనే. మాకు మాత్రం యాత్ర మొత్తంలో మంచి తిండి ఇక్కడే దొరికింది. రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు కలిపి 40. బొరుగులు నానీ నానకుండా, పైన పప్పులపొడి. బావ రెండు ప్లేట్లు లాగించాడు. బండి ఆవిడ అడక్కుండానే ఇంకో బజ్జీ వేసి "దానికి లెక్కేమీ లేదులేప్పా" అంది.

టైముంటే మంత్రాలయం కలుపుకోండి. మఠం భూముల విషయమై వచ్చిన మన్రోతో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి, అంటే తన సమాధిలోంచి, మాట్లాడారని అక్కడ చెప్పుకుంటారు. గది మాత్రం ముందే బుక్ చేసుకోండి, రసీదుతో.