అమెరికాలో దివాలా: చాప్టర్ 7 వేయాలా, చాప్టర్ 13 వేయాలా?

క్రెడిట్ కార్డులు, ఆసుపత్రి బిల్లులే భారమై, ఆస్తి పెద్దగా లేకపోతే చాప్టర్ 7 (అప్పులు రద్దు చేసే దివాలా పద్ధతి) మేలు. మామూలుగా 4 నెలల్లో ఆ అప్పులు రద్దవుతాయి. మినహాయింపు పరిమితి (చట్టం మీకు వదిలిపెట్టే మేర) దాటిన ఆస్తి ఉంటే మాత్రం ట్రస్టీ, అంటే దివాలా కేసు చూసే అధికారి, దాన్ని అమ్మించవచ్చు.

ఇంటి వాయిదాలు తప్పి వేలం దగ్గరపడితే చాప్టర్ 13 (వాయిదాల్లో తీర్చే దివాలా పద్ధతి) వేయాలి, అదీ వేలం జరగకముందే. బకాయిని 3 నుంచి 5 ఏళ్లలో కట్టుకుంటూ ఇల్లు నిలుపుకోవచ్చు. అన్నేళ్లు తప్పకుండా కట్టడమే కష్టం. మధ్యలో ఆగితే కేసు కొట్టేయవచ్చు, అప్పు మళ్లీ మీదపడుతుంది.

ఎప్పుడు వేయాలన్నది చాలామంది ఆలోచించరు, ఫలితం మారేది అక్కడే. చాప్టర్ 7 అర్హతకు దాఖలుకు ముందరి 6 పూర్తి నెలల ఆదాయం చూస్తారు. ఉద్యోగం పోయిన వెంటనే వేస్తే పాత జీతమే లెక్కకొస్తుంది. కొన్ని నెలలు ఆగితే సగటు దిగి, అర్హత దొరకడం తేలికవుతుంది. ఈలోగా జీతం జప్తు మొదలైతే మాత్రం ఆగడం నష్టం.

ఏది వేసినా దాఖలుకు ముందు 180 రోజుల్లోపు క్రెడిట్ కౌన్సెలింగ్ (అప్పులపై సలహా తరగతి) పూర్తయి ఉండాలి. దయచేసి దాఖలుకు ముందు అన్నదమ్ముల బాకీ తీర్చకండి. దాఖలుకు ముందరి ఏడాదిలోపు బంధువులకు కట్టిన సొమ్మును ట్రస్టీ వెనక్కి రాబట్టవచ్చు. 401(కె) (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతా) ఖాళీచేసి కార్డులు కట్టకండి, ఆ పొదుపు సాధారణంగా అప్పులవాళ్లకు అందదు. పిల్లల పోషణ భత్యం బకాయి రెండింటిలోనూ రద్దు కాదు.